లండన్ పాత నీటి గొట్టాలు చెక్కవేనా?

ప్రశ్న: 1613లో న్యూ రివర్ కాలువ హెర్ట్‌ఫర్డ్‌షైర్ ఊటల నీళ్లను లండన్ అంచుకు తెచ్చింది. అక్కణ్ణుంచి వీధులకు చెక్క గొట్టాల్లో ఎలా పంపారు? కుళ్లిపోలేదా?

జవాబు 1: అవి ఎల్మ్ అనే చెట్టు దుంగలండీ. పొడవాటి బర్మాతో నడిమధ్య తొలిచి, ఒక కొనను పెన్సిల్ ములికిలా చెక్కేవాళ్లు. దాన్ని పక్క దుంగ వెడల్పాటి నోట్లోకి దిగ్గొడితే అదే అతుకు. ఎల్మ్ ఎప్పుడూ తడిలో ఉంటే చాలాకాలం నిలుస్తుంది, ఆరితే పగులుతుంది. అసలు చిక్కు ఒత్తిడిది. కాస్త పెంచితే అతుకులు కారేవి, అందుకే పై అంతస్తులకు నీళ్లెక్కించడం కష్టం. 19వ శతాబ్దం మొదట్లో పోత ఇనుప గొట్టాలు వాటి స్థానంలోకి వచ్చాయి.

జవాబు 2: ఇంకోటి. మంటలు లేస్తే వీధి తవ్వి, దుంగకు చిల్లు పెట్టి నీళ్లు తీసుకునేవాళ్లు. పనయ్యాక చెక్క బిరడా కొట్టేవాళ్లు. ఇంగ్లీషులో ఫైర్ ప్లగ్ అనే మాట అలా పుట్టిందే.

ప్రశ్న అడిగినవారు: మరి శుద్ధి?

జవాబు 1: చాలాకాలం లేదు. 1829లో జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు లండన్ నీటి కంపెనీల్లో ఒకటైన చెల్సీ వాటర్‌వర్క్స్‌లో ఇసుక వడపోత మొదలుపెట్టారు. అడుగున గులకరాళ్లు, పైన సన్నటి ఇసుక, నీళ్లు మెల్లగా దిగాలి. ఇసుక మీద కట్టే జిగురు పొరే సూక్ష్మజీవుల్ని పట్టేస్తుంది. నీరు దిగడం మందగిస్తే పైన ఒకటి రెండు సెంటీమీటర్లు గీకేస్తారు. కొత్త పొర కట్టకముందే ఆ నీళ్లు వదిలారా, వడకట్టిన ఫలితం సగమే. గృహావసరాల నీటిని వడకట్టడం తప్పనిసరి చేసింది 1852 చట్టం.