పిల్లలు అన్నం పారేయకుండా తినేలా ఏ ఆటలు ఆడించాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఈ సెలవుల్లో ప్రతి ఆదివారం మా వీధి పిల్లలు ఎనిమిది మందిని అరుగు మీద కూర్చోబెట్టి అరిటాకుల్లో భోజనం పెడుతున్నాను. అందరూ నాలుగు నుంచి ఏడేళ్ల లోపు వాళ్లే. ఆకులు కడగడం, మంచినీళ్లు పెట్టడం, వడ్డించడం వాళ్ల పనే. ఎంగిలి చెయ్యి గిన్నెలో పెట్టకూడదని ఇప్పుడు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

బియ్యం ఎక్కడివిరా అంటే "కొట్లోవి" అన్నాడొకడు. నాకు ప్రాణం ఉసూరుమంది. చుట్టూ వరిచేలే కదా! దాళ్వా కోతలప్పుడు కాలవ గట్టు పక్క చేలోకి తీసుకెళ్లాను. వెన్ను దూసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊదితే నాలుగు గింజలు మిగిలాయి. వాడు వాటిని జేబులో దాచుకున్నాడు.

ఒక్క తప్పు చేశాను. ఆకు ఖాళీ చేసినవాళ్లకు చప్పట్లు కొట్టించాను. తక్కువ తినే ఐదేళ్ల పాప ఆ చప్పట్ల కోసం కుక్కుకుని వాంతి చేసుకుంది. వెంటనే మానేశాను. ఇప్పుడు ముందు కొంచెమే వడ్డించి, కావాలంటే మారు అడగమంటున్నాను. అయినా మిగతావాళ్లు ఆ పాపను వెక్కిరిస్తున్నారు, చాలా బాధగా ఉంది.

అంగన్‌వాడీ టీచర్లు, అమ్మలు ఎవరైనా చెప్పండి: గెలుపోటములు లేకుండా అందరూ కలిసి ఆడే ఆటలేమున్నాయి? ఆనపకాయ కూర అసలు ముట్టని వాళ్లకు కాయ కోయకముందే చేతికిచ్చి, వాసన చూపిస్తే పనిచేస్తుందా? ఆ పాపను నలుగురిలో మళ్లీ ఎలా కలపాలి?