కీబోర్డు సెట్టింగులు బూట్ సమయంలోనే చెయ్యాలా, లాగిన్ అయ్యాక చెయ్యాలా?

పటమట:
పిల్లల ఆటల కోసం ఇంట్లో రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటరు మీద రెట్రోపై (పాత వీడియో ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్) వేశాను. అదే పెట్టెలో మా నాన్నగారు డెస్క్‌టాప్ తెరిచి తెలుగులో టైపు చేసుకుంటారు. రాస్ప్‌బెరీ పై బ్రిటన్‌లో తయారైనది కాబట్టి కీబోర్డు కూడా బ్రిటన్ అమరికతోనే వచ్చింది. షిఫ్టుతో 2 నొక్కితే ఎట్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు పడుతోంది. అమెరికన్ అమరిక, దానికి తోడు తెలుగు ఇన్‌స్క్రిప్టు (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) కావాలి. క్యాప్స్ లాక్ కంట్రోల్‌లా పనిచెయ్యాలి. లాగిన్ కాగానే దానంతటదే నడిచే స్క్రిప్టులో ఎక్స్‌మోడ్‌మ్యాప్ (మీటల అర్థాన్ని మార్చే ప్రోగ్రాము) ఆదేశాలు రాసుకుంటే సరిపోతుందని మా బావగారు అంటున్నారు. సిస్టమ్ ఫైళ్లలో మార్చకపోతే లాభం లేదని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. మీరేమంటారు?

బ్రాడీపేట:
నేను మీ బావగారి పక్షమే. లాగిన్ స్క్రిప్టు ఎవరి ఖాతాకు వారిది. మీ నాన్నగారి ఖాతాలో తెలుగు ఉంటుంది, పిల్లల ఖాతాలో ఉండదు, ఒకరి మార్పు మరొకరి చేతికి అడ్డం రాదు. పొరపాటు జరిగినా ఒక్క ఫైలు తీసేస్తే యథాస్థితికి వస్తుంది. సిస్టమ్ ఫైలులో తెలుగును మొదటి అమరికగా పెట్టారనుకోండి, లాగిన్ తెరలోనే తెలుగు అక్షరాలు పడి పాస్‌వర్డు కొట్టడం అసాధ్యమవుతుంది. ఇంట్లో నలుగురు వాడే యంత్రానికి ఈ ముప్పు చిన్నదేమీ కాదు.

గవర్నరుపేట:
బ్రాడీపేట గారు చెప్పిన పాస్‌వర్డు ప్రమాదం నిజమే, కానీ దానికి మందు అమరికల వరుసలో ఉంది: అమెరికన్ ముందు, తెలుగు తరువాత. లాగిన్ స్క్రిప్టుతో వచ్చే చిక్కులకు మాత్రం అంత తేలికైన మందు లేదు.

మీట నొక్కినప్పుడు కీబోర్డు పంపేది అక్షరం కాదు, ఒక సంఖ్య. దాన్ని ముందు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఫలానా మీట అని గుర్తిస్తుంది, ఆపైన డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్ సర్వరో, దాని స్థానంలో వచ్చిన వేలాండో దానికి అక్షరం కేటాయిస్తుంది. ఎక్స్‌మోడ్‌మ్యాప్ పనిచేసేది ఈ పై అంతస్తులోనే, అదీ ఎక్స్‌లో మాత్రమే. రెట్రోపైలో ఆటల జాబితా చూపే ఎమ్యులేషన్‌స్టేషన్ మామూలుగా డెస్క్‌టాప్‌తో పని లేకుండా కన్సోల్ (ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెర) నుంచే మొదలవుతుంది. అక్కడ ఎక్స్ నడవడమే లేదు కాబట్టి, మీ స్క్రిప్టు ఎంత సరిగ్గా ఉన్నా ఆటలో దాని ప్రభావం సున్నా. డెస్క్‌టాప్‌లోనైనా 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి రాస్ప్‌బెరీ పై ఓఎస్, పై 4, పై 5 యంత్రాల్లో వేలాండ్‌కు మారింది, అక్కడ ఎక్స్‌మోడ్‌మ్యాప్ మాట చెల్లదు. పాత ఎక్స్ డెస్క్‌టాప్‌లో కూడా స్క్రిప్టు నడిచేది ఒక్కసారే. పిల్లలు యూఎస్‌బీ తీగ పీకి మళ్లీ పెడితే ఎక్స్ దాన్ని కొత్త కీబోర్డుగా చూసి మొదటి అమరికకు వెళ్లిపోతుంది, క్యాప్స్ లాక్ మళ్లీ క్యాప్స్ లాకే అవుతుంది. స్క్రిప్టు ఉన్నా పని చెయ్యడం లేదని జనం తలలు పట్టుకునేది ఇక్కడే.

అందుకని అమరికను ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డరులోని కీబోర్డు ఫైలులో రాయండి. లేఅవుట్ వరుసలో యూఎస్, కామా, ఐఎన్. వేరియంట్ వరుసలో మొదటి స్థానం ఖాళీగా వదిలి, కామా తరువాత టెల్. ఆ కామా మరిచిపోతే తెలుగు వేరియంట్ అమెరికన్ అమరికకు అంటుకుంటుంది, అలాంటి అమరిక ఎక్కడా లేదు గనుక ఏదీ సరిగ్గా పనిచెయ్యదు. రాస్ప్‌బెరీ పై ఓఎస్ లాంటి, డెబియన్ లినక్స్ సంతతి వ్యవస్థల్లో కన్సోలూ ఎక్సూ రెండూ ఈ ఫైలునే చదువుతాయి.

క్యాప్స్ లాక్ సంగతి ఇంకో మెట్టు కిందకు దిగాలి. రెట్రోపైలో ఆటలను నడిపే రెట్రోఆర్చ్, యూడెవ్ (తగిలించిన పరికరాలను చూసుకునే లినక్స్ భాగం) డ్రైవరుతో నడిచేటప్పుడు మీటలను నేరుగా కెర్నెల్ దగ్గరే చదువుతుంది, కీబోర్డు ఫైలులోని ఐచ్ఛికాలు దానికి కనిపించవు. కాబట్టి యూడెవ్ వారి హార్డ్‌వేర్ డేటాబేసులో, 70039 అనే సంఖ్య వస్తే ఎడమ కంట్రోల్‌గా తీసుకోమని ఒక వరుస రాయాలి. యూఎస్‌బీ కీబోర్డులో క్యాప్స్ లాక్ సంఖ్య అదే. మీటల సంఖ్యలు చూపే ఈవీటెస్ట్ అనే ప్రోగ్రాము నడిపి ఆ మీట నొక్కితే మీ కళ్లతోనే చూసుకోవచ్చు. ఆ వరుస ముందు ఒక ఖాళీ తప్పనిసరి. తరువాత డేటాబేసును అప్‌డేట్ చేసి రీబూట్ చేస్తే చాలు. తీగ ఎన్నిసార్లు పీకినా మార్పు నిలుస్తుంది.

బ్రాడీపేట:
కన్సోల్ విషయం ఒప్పుకుంటున్నాను. అక్కడ స్క్రిప్టుకు చోటు లేదు. అయితే కెర్నెల్ స్థాయిలో మార్చిన మీట ఇంట్లో అందరికీ మారినట్టే కదా. పెద్ద పిల్లవాడికి క్యాప్స్ లాక్ కావాలంటే ఏం చేస్తారు? సొంత ఖాతాలో సొంత అలవాటు ఉండే స్వేచ్ఛను మీరు తీసేస్తున్నారు.

గవర్నరుపేట:
డేటాబేసులోని నియమాన్ని కీబోర్డు తయారీ సంఖ్య, మోడల్ సంఖ్యలకు ముడిపెట్టవచ్చు. అప్పుడు మరో మోడల్ కీబోర్డు తగిలిస్తే దానికి ఈ మార్పు వర్తించదు. ఒకే కీబోర్డును ఇద్దరు వేరువేరు అలవాట్లతో వాడాలంటే మాత్రం మీ అభ్యంతరానికి నా దగ్గర సమాధానం లేదు. ఆటలాడే పెట్టెలో మీట ఎప్పుడూ ఒకేలా ప్రవర్తించడమే ముఖ్యమని నా నమ్మకం.

సత్యనారాయణపురం:
నేను డీటీపీ పనిలో ఉన్నవాణ్ణి, ఆపిల్ కీబోర్డుకు (డీటీపీలో వాడే ఒక తెలుగు అమరిక) అలవాటుపడ్డ చేతులు నావి. ఇన్‌స్క్రిప్టు విడిగా నేర్చుకోవలసి వచ్చింది. అలవాటు విలువ తెలిసినవాడిగా బ్రాడీపేట గారి బాధ నాకు అర్థమవుతోంది. అయినా ఈ ఒక్క విషయంలో గవర్నరుపేట గారితోనే ఏకీభవిస్తాను.

ఒక్కటి చేర్చాలి. తెలుగు అమరికలో ఉండగా డెస్క్‌టాప్ నుంచి ఆట తెరిస్తే కొన్ని ఆటల్లో నడక మీటలు పనిచెయ్యవు. చాలా ఆటలు వాడుకునే ఎస్‌డీఎల్ అనే లైబ్రరీలో మీట ఉన్న చోటును చూసే పద్ధతి ఒకటి, దాని మీది అక్షరాన్ని చూసే పద్ధతి ఒకటి ఉన్నాయి. రెండో పద్ధతిలో రాసిన ఆటకు డబ్ల్యూ అక్షరం రావలసిన చోట ఐకారం అందుతుంది, అది దానికి తెలియదు. అందుచేత భాష మార్చే మీట ఏదన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి.

పటమట:
ఆల్ట్, షిఫ్టు కలిపి నొక్కే పద్ధతి పెడదామనుకున్నాను. పనికిరాదా?

సత్యనారాయణపురం:
పనికిరాదండి. ఆటలో పరుగుకీ దూకుడికీ ఆ రెండూ కలిసి నొక్కుకుపోవడం మామూలే, మధ్యలో భాష మారిపోతుంది. స్క్రోల్ లాక్ ఖాళీగా ఉంది కదా అని అదీ పెట్టకండి. రెట్రోఆర్చ్‌లో అది గేమ్ ఫోకస్ (నొక్కిన మీటలన్నీ ఆటకే అందేలా చేసే) మీట. కుడివైపు మెనూ మీటకు పెట్టండి. ఆటల్లో దాని జోలికి వెళ్లేవారు అరుదు, నాన్నగారికి వెతకడం కూడా కష్టం కాదు.