నైరోబీకి పశువుల పీహెచ్‌డీకి వస్తున్నాను, ఏమేం తెచ్చుకోవాలి?

తిరుపతి కుర్రాడు:
అందరికీ నమస్కారం. తిరుపతి వెటర్నరీలో గైనకాలజీ ఎం.వి.ఎస్సీ. అయింది. వచ్చే నెల నైరోబీలో పీహెచ్‌డీలో చేరుతున్నాను. ఫీల్డు పని కోస్తాలో, క్వాలే వైపు. అక్కడి ఆవులు ఈనాక ఎందుకంత ఆలస్యంగా ఎదకొస్తున్నాయో, కట్టించినా చూడి ఎందుకు నిలవడం లేదో తేల్చాలి. ఎద తెప్పించే హార్మోన్లు, ప్రొజెస్టిరాన్ (ఆవు ఎదకొస్తోందో లేదో తెలిపే హార్మోన్) కొలిచే కిట్లు ఇక్కడే కొని తెచ్చుకోమంటారా? వెటర్నరీ కాలేజీ ఉన్న కబేటే దగ్గర గది దొరుకుతుందా?

కబేటే పాతకాపు:
తమ్ముడూ, ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు. కెన్యా నుంచి తిరిగి వెళ్లేటప్పుడు ఆ కార్డు లేకపోతే మన విమానాశ్రయంలో 6 రోజుల దాకా విడిగా ఉంచుతారు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

హార్మోన్లు తర్వాత. క్వాలేలో ఆవు ఎదకు రాలేదంటే అండాశయం తడిమి చూడకముందే చెవి నరంలోంచి నెత్తురు తియ్యి. పక్కనే షింబా హిల్స్ అడవి, అందులో సెట్సీ ఈగ. అది కుట్టి ట్రిపనోసోమా అనే నెత్తురు పరాన్నజీవిని ఎక్కిస్తే ఆవు నెలల తరబడి నెత్తురు తగ్గిపోతూ చిక్కిపోతుంది. ఎద ఆగిపోతుంది, చూడిది ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోతుంది. అలాంటి ఆవుకు ఎద తెప్పించే ప్రోస్టాగ్లాండిన్ పొడిచి చూడి నిలవలేదని రాసుకుంటే అది హార్మోన్ తప్పు కాదు.

హెమటోక్రిట్ గొట్టం ముప్పాతిక నింపి ఒక కొస మూసి, నిమిషానికి 12,000 చుట్ల మీద 5 నిమిషాలు తిప్పు. ప్యాక్డ్ సెల్ వాల్యూమ్, అంటే నెత్తురులో ఎర్ర కణాల శాతం, చదివి రాసుకో. 25 శాతం కన్నా తక్కువైతే అనుమానించు. ఆ తర్వాత ఎర్ర కణాల మీద కనపడే తెల్లపొరకు 1 మిల్లీమీటరు కింద, ఎర్ర కణాలు కొంచెం వచ్చేలా, డైమండ్ పెన్నుతో గీసి విరువు. తెల్లపొరనూ దాని పైన సెంటీమీటరు ప్లాస్మానూ స్లైడు మీదకు వదిలి కవర్ స్లిప్ వేసి 400 రెట్లలో చూడు. ఇదంతా పశువు దగ్గరే, ఆ పూటే కావాలి. ఐసు పెట్టెలో నైరోబీ దాకా తెస్తే పరాన్నజీవులు చచ్చిపోతాయి, కదలిక కనపడదు.

మనవాళ్ల కన్ను సర్రాకు, అంటే మన దగ్గర ట్రిపనోసోమా ఎవాన్సై తెచ్చే జబ్బుకు, అలవాటు పడింది. ఎవాన్సై లాగా మెలికలు తిరిగేదాని కోసమే వెతికితే ఇక్కడ సగం తప్పిపోతాయి. ఇక్కడి రకాల్లో ట్రిపనోసోమా వైవాక్స్ బాణంలా ఫీల్డు దాటిపోతుంది. కాంగొలెన్స్ మందకొడిగా కదులుతుంది, ఎర్ర కణానికి అతుక్కుని దాన్ని కదుపుతూ ఉంటుంది. కదిలే ఎర్ర కణాన్ని వెతుకు.

గన్నవరం అక్క:
పాతకాపు గారు చెప్పింది సరే, కానీ అబ్బాయి అడిగింది ప్రొజెస్టిరాన్ సంగతి. బాబూ, కిట్టు ఎక్కడ కొన్నావన్నది పెద్ద విషయం కాదు. నెత్తురు తీశాక ఏం చేశావన్నదే అసలు సంగతి. ఆవు ఎర్ర కణాలు ప్రొజెస్టిరాన్‌ను తినేస్తాయి. కోస్తా ఎండలో గొట్టం జీపులో అలాగే ఉంటే కొద్ది గంటల్లోనే విలువ బాగా పడిపోతుంది. అప్పుడు చక్కగా ఎదకొచ్చే ఆవు కూడా కాగితం మీద ఎద లేని ఆవు అవుతుంది. నెత్తురు తీసిన వెంటనే ఐసు నీళ్లలో ముంచు, వీలైనంత త్వరగా తిప్పి ప్లాస్మా వేరుచెయ్యి. సీరం కోసం గడ్డకట్టేదాకా ఆగొద్దు. 10 రోజుల తేడాతో రెండు శాంపిళ్లూ మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కంటే తక్కువైతేనే ఎద లేదని రాయి, ఒక్క శాంపిల్‌తో ఎప్పుడూ రాయొద్దు. ఐసు దొరకని ఊళ్లో పాల శాంపిల్ తీసుకుని నిల్వమందు బిళ్ల వేసుకోవడం మేలు.

ఇంకొకటి. ఇక్కడి బోరాన్ జాతి ఆవు ఎద చాలా తక్కువ సేపు ఉంటుంది, ఎక్కువగా రాత్రిపూట. పొద్దున్నా సాయంత్రం అరగంట చూసి ఎద రాలేదనకూడదు. తల్లి దగ్గర దూడ రోజంతా తాగుతుంటే ఎద ఇంకా వెనక్కి పోతుంది. కాబట్టి దూడను ఎన్ని గంటలు వదులుతున్నారో కూడా రాసుకో.

ముగుగా మాస్టారు:
హార్మోన్లు బ్యాగులో వేసుకుని రావద్దు. ఇక్కడ అనుమతులే అన్నిటికన్నా ముందు. నాకోస్టి (ఇక్కడి జాతీయ పరిశోధన కమిషన్) లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. జంతువుల మీద పనికి మీ సంస్థ ఎథిక్స్ కమిటీ సంతకం కావాలి. కెన్యా వెటర్నరీ బోర్డులో నమోదు అయ్యేదాకా సూది ఇక్కడి డాక్టరే పట్టుకోవాలి. దేశం దాటే ప్రతి శాంపిల్‌కూ కబేటేలోని వెటర్నరీ సర్వీసుల డైరెక్టరేట్ కాగితం ఉండాలి. ఇటు మన దేశంలోకి పశువుల సీరం పోవాలన్నా కేంద్ర పశుసంవర్ధక శాఖ పర్మిట్ ముందే చేతిలో ఉండాలి.

ఒక ప్రాజెక్టు పెట్టె సంగతి పాతవాళ్లందరికీ తెలుసు. పర్మిట్‌లో డీఎన్ఏ అని రాయించుకున్నారు. తర్వాత యాంటీబాడీలు కూడా చూద్దామని సీరం గొట్టాలు అదే పెట్టెలో పెట్టారు. పెట్టె మీది జాబితాలో సీరం అని నిజాయితీగానే రాశారు. శుక్రవారం మధ్యాహ్నం ఒక కార్యాలయంలో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి ఆపేశారు. ఆపడం న్యాయమే, గాలికుంటు తిరిగే దేశపు సీరం కదా. సవరణ సంతకం పెట్టాల్సిన అధికారి సోమవారం దాకా రాలేదు. ఆ రెండు రోజులూ డ్రై ఐస్ ఆవిరైపోతూనే ఉంది. పెట్టె విప్పి మళ్లీ నింపుదామంటే సీలు తెంచకూడదన్నారు. మంగళవారం తెరిచేసరికి గొట్టాలు గోరువెచ్చగా ఉన్నాయి. ఒక వానాకాలం మొత్తం తీసిన శాంపిళ్లు అవి. అందుకే పర్మిట్‌లో నెత్తురు, ప్లాస్మా, సీరం, డీఎన్ఏ నాలుగూ విడివిడిగా, గొట్టాల లెక్కతో సహా రాయించు. పెట్టె సోమవారమే పంపించు.

వైద్యం గురించి ఒక మాట. మొదటి రోజే మంద మొత్తానికి ట్రిపనోసోమా రాకుండా కాపాడే ఐసోమెటామిడియం పొడిచెయ్. రెండు మూడు నెలలు రక్షణ ఉంటుంది, ఎద లెక్క శుభ్రంగా వస్తుంది.

కబేటే పాతకాపు:
మాస్టారూ, అక్కడే నేను ఒప్పుకోను. మంద మొత్తానికి పొడిస్తే ఇక ఏ జబ్బు ప్రభావం చూస్తాడు? సగం ఆవులకు రక్షణ మందు ఇవ్వాలి. మిగతా సగాన్ని ప్రతి రెండు వారాలకూ చూసి, పరాన్నజీవి దొరికిన వెంటనే డిమినజీన్‌తో నయం చెయ్యాలి. అప్పుడే రెండు గుంపుల మధ్య తేడా మాట్లాడుతుంది.

ముగుగా మాస్టారు:
గుంపుల మాట ఒప్పుకుంటాను. కానీ అక్కడి పశువుల కాపరులు మీ లెక్క కోసం ఆగరు. జేబులో డిమినజీన్ సాచెట్ ఉంటుంది, వాళ్లే పొడిచేస్తారు. మొదటి రోజే వాళ్లతో కూర్చుని మాట్లాడకపోతే మీ రెండు గుంపులూ ఒకటైపోతాయి.

గన్నవరం అక్క:
ఇద్దరి మాటా నిజమే. అందుకే డోసు లెక్క రాస్తున్నా. 2.36 గ్రాముల సాచెట్‌లో డిమినజీన్ 1.05 గ్రాములు. 15 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే 7 శాతం అవుతుంది. 100 కిలోలకు 5 మిల్లీలీటర్లు, అంటే కిలోకు 3.5 మిల్లీగ్రాములు. కంటితో బరువు అంచనా వేసి తక్కువ పొడవడం వల్లే మందుకు లొంగని రకాలు పుడుతున్నాయి. ఛాతీ టేపు కొలత తీసుకో, ఆ టేపు ఈ జాతి ఆవులకు సరిచూసినదై ఉండాలి. ఆంబోతులను మరవొద్దు. ఈ జబ్బు వృషణాలను దెబ్బతీస్తుంది, వీర్యం తయారవడానికి సుమారు 61 రోజులు పడుతుంది కాబట్టి మందు ఇచ్చిన నెలకే శాంపిల్ తీసి పనికిరాదనడం తొందరపాటు.

ముగుగా మాస్టారు:
పిడుదులు తెచ్చే థైలేరియా జబ్బు గురించి కూడా చెప్పాలి. మన దగ్గరిది అన్నులాటా రకం. హైదరాబాద్‌లో తయారయ్యే రక్షావాక్-టి బలహీనపరిచిన షైజాంట్ల (పరాన్నజీవిలో ఒక దశ) టీకా. ఇక్కడ పార్వా రకం, దాన్ని చెవిలో దాక్కునే గోధుమరంగు పిడుదు తెస్తుంది. దీనికి ముగుగా కాక్‌టెయిల్ టీకా వాడతారు, అది బతికున్న స్పోరోజాయిట్లు, అంటే జబ్బు అంటించే దశ. లిక్విడ్ నైట్రోజన్‌లోంచి తీసి పొడిచినప్పుడే, అదే పూట, ఎక్కువకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ పూర్తి డోసు పడాలి. అది తగ్గితే నువ్వే జబ్బు అంటించినట్టు. ఆ జ్వరంతోనూ చూడావులు ఈసుకుపోతాయి. టీకా వేసిన తేదీ తెలియకుండా చూడి లెక్క మొదలుపెట్టొద్దు.

తిరుపతి కుర్రాడు:
చాలా థాంక్స్ అండీ. ఈసుకుపోయిన దూడను పరీక్షించాలంటే ఎలా? గది సంగతి ఎవరూ చెప్పలేదు.

గన్నవరం అక్క:
ఉతిరు, కినూ వైపు చూడు బాబూ. నీళ్లు వారంలో ఎన్ని రోజులొస్తాయో, ట్యాంకు ఉందో లేదో అడిగాకే డిపాజిట్ ఇవ్వు. శాంపిల్ ఒక్కటి కూడా ఆ గది ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఈసుకుపోయిన దూడను, మాయను ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. మనిషికీ అంటే బ్రూసెల్లా బాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. పెద్ద వానలు పడ్డ ఏడాది గొర్రెలు గుంపులుగా ఈసుకుపోతుంటే రిఫ్ట్ వ్యాలీ ఫీవర్ అనే వైరస్ జబ్బు కావచ్చు. అది మొదట బయటపడింది ఈ దేశంలోనే, 1931లో నైవాషా దగ్గర. ఈసుకుపోయిన పిల్ల, మాయ నీళ్లు మీద పడ్డా, తుంపర్లు పీల్చినా మనిషికి వస్తుంది. రెండు జతల గ్లౌజులు, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు వేసుకో. మందలో ఒకేసారి రెండు మూడు ఈసుకుపోతే కోయకు, కౌంటీ వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేసి ఆయన వచ్చేదాకా ఆగు. గ్లౌజులు, డైమండ్ పెన్ను, గొట్టాలు మూసే మైనం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకో, ఫీల్డులో ముందు అయిపోయేవి అవే.