టొపీకా అమ్మానాన్నల సత్కార సభ: వాలంటీర్లు కావాలి

సాంస్కృతిక విభాగం సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. మే 17కి దగ్గర్లో పడే శనివారం సాయంత్రం మన సంఘం తరఫున ఒక సభ పెడదామని కమిటీలో అనుకున్నాం. 1954లో ఆ తారీఖునే, తెల్లపిల్లలకో బడి, నల్లజాతి పిల్లలకో బడి అని విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తొమ్మిదిమంది జడ్జీలదీ ఒకటే మాట. 'బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఆఫ్ టొపీకా' అనే ఆ కేసు పేరులో ఉన్న టొపీకా మన కాన్సస్ సిటీ నుంచి కారులో గంట ప్రయాణం. ఇన్నేళ్లుగా ఇక్కడుండి మనం వాళ్లను తలుచుకోకపోతే బాగుండదు.

లాయర్ల గురించి, జడ్జీల గురించి పిల్లలు స్కూల్లో చదువుతారు. మన సభ మాత్రం కేసు వేసిన అమ్మానాన్నలది. 1950లో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్ఏఏసీపీ సంస్థ టొపీకా శాఖ అధ్యక్షుడు మెకిన్లీ బర్నెట్ అడిగితే 13 మంది ముందుకొచ్చారు. పిల్లల్ని చేయిపట్టుకుని దగ్గర్లోని తెల్లవాళ్ల బడికి తీసుకెళ్లి చేర్చుకోమన్నారు. బడివాళ్లు కుదరదన్నారు. 1951 ఫిబ్రవరి చివర్లో 20 మంది పిల్లల తరఫున కోర్టుకెక్కారు. కేసు నడిచింది ఆలివర్ బ్రౌన్ పేరు మీద. ఆయన శాంటా ఫే రైల్వే షాపులో వెల్డర్. మిగతా 12 మందీ తల్లులే! అక్షరాల వరుసలో ఆయన పేరు ముందొచ్చిందని చాలామంది చెబుతారు గానీ, ఆ లెక్కన డార్లీన్ బ్రౌన్ పేరు ముందుండాలి. ఉన్న ఒక్క మగమనిషిని ముందు నిలబెట్టారనే నాకనిపిస్తుంది. అందుకే స్టేజీ మీద అన్ని పేర్లూ చదివించి తీరాలి. ఆలివర్ బ్రౌన్, డార్లీన్ బ్రౌన్, లీనా కార్పర్, సేడీ ఇమ్మాన్యుయేల్, మార్గెరీట్ ఎమర్సన్, షర్లీ ఫ్లెమింగ్, జెల్మా హెండర్సన్, షర్లీ హోడిసన్, మాడ్ లాటన్, ఆల్మా లూయిస్, అయోనా రిచర్డ్‌సన్, వివియన్ స్కేల్స్, లూసిండా టాడ్. ఒక్కో పేరు ఒక్కో పిల్ల చదువుతుంది. మీ పిల్లల్ని పంపండి.

తెలుగు బడి టీచర్:
అన్నా, నాటిక సగం రాశాను. ఆలివర్ బ్రౌన్ కూతురు లిండా అప్పుడు మూడో తరగతి. తెల్లపిల్లల సమ్నర్ బడి ఇంటికి ఏడు బ్లాకుల దూరం. ఆ పిల్ల మాత్రం రైల్వే యార్డులోంచి బస్‌స్టాపుకి నడిచి, బస్సెక్కి, మైలు దూరంలోని నల్లజాతి పిల్లల మన్రో బడికి వెళ్లాలి. నేల మీద తెల్లటేపు అంటించి పట్టాలు చూపిస్తాం. పిల్ల ఒక్కో పట్టా దాటేటప్పుడు ఆగి, అటూ ఇటూ చూడాలి. రెండో సీను లూసిండా టాడ్ ఇంట్లో. ఆవిడ టీచరు. పెళ్లైన ఆడవాళ్లను టీచర్లుగా ఉంచేవాళ్లు కాదు కాబట్టి పెళ్లితో ఉద్యోగం పోయింది. కేసులో పేరివ్వడానికి అందరికన్నా ముందు ఒప్పుకున్నది ఆవిడే. మన కమిటీ మీటింగుల్లాగే వాళ్ల మీటింగులూ డైనింగ్ టేబుల్ చుట్టూ జరిగేవి.
ఒకరిద్దరు పేరెంట్స్ పిల్లల మొహాలకు నల్లరంగు వేయాలా అని అడుగుతున్నారు. ఏం చెప్పను?

సమన్వయకర్త:
వద్దు వదినా, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఈ దేశంలో తెల్లవాళ్లు మొహాలకు నల్లరంగు పూసుకుని స్టేజీల మీద నల్లజాతివాళ్లను వెక్కిరించేవాళ్లు. మన దగ్గర వేషం కడితే రంగు వేయడం మామూలే, కానీ ఇక్కడ అతిథులుగా వచ్చే నల్లజాతి పెద్దలు ముందు వరసలో కూర్చుని అది చూడాల్సొస్తుంది. మెడలో పేరు రాసిన అట్ట చాలు. ఇంకోటి, నల్లజాతి పిల్లల బడులను చదువు చెప్పని బడుల్లా చూపించొద్దు. టొపీకాలో ఆ టీచర్లు బాగా చదువుకున్నవాళ్లు, తల్లిదండ్రులకు వాళ్ల మీద ఫిర్యాదు లేదు. మీ బిడ్డ ఒంటిరంగును బట్టి ఏ బడి గుమ్మం తొక్కాలో మేం చెబుతాం అన్నందుకే వాళ్లు తిరగబడ్డారు. నాటికలో ఈ ముక్క పడాలి.

యువ విభాగం:
అన్నా, పోస్టర్ మీద మార్టిన్ లూథర్ కింగ్ ఫొటో పెట్టనా? చూడగానే అందరికీ తెలుస్తుంది.

సమన్వయకర్త:
ఈ కేసు వేసేనాటికి ఆయనింకా చదువుకుంటున్నారు తమ్ముడూ. ఆయన పేరున జనవరిలో విడిగా చేసుకుందాం. ఈ పోస్టర్ మీద 13 పేర్లూ పెద్దక్షరాలతో వేయి.

సభ్యురాలు, సౌత్ కరోలినా నుంచి వచ్చినవారు:
సుప్రీంకోర్టు కలిపి విన్నవి అయిదు కేసులు. మేం ముందున్న రాష్ట్రంలోని క్లారెండన్ కౌంటీ వాళ్లను వదిలేస్తే అన్యాయం. అక్కడ మొదట అడిగింది నల్లజాతి పిల్లలు బడికెళ్లడానికి ఒక బస్సు, అంతే. లీవై పియర్సన్ అనే రైతు 1947లో అడిగితే ఆయనకు అప్పులివ్వడం మానేశారు. తర్వాతి కేసు హ్యారీ బ్రిగ్స్ పేరు మీద నడిచింది. పెట్రోల్ బంకులో ఆయన పని పోయింది, మోటల్లో భార్య ఎలైజా పనీ పోయింది. వాళ్లందరినీ కూడగట్టిన పాస్టర్ జోసెఫ్ డిలేన్ ఇల్లు తగలబడింది, తర్వాత చర్చి తగలబెట్టారు, చివరికి ఆయన రాష్ట్రమే వదిలి వెళ్లిపోయారు. నాకు అయిదు నిమిషాలివ్వండి.

సమన్వయకర్త:
పది తీసుకోండి అక్కా. నాటిక అయ్యాక, పేర్లు చదవబోయే ముందు. వాళ్లు పోగొట్టుకున్నది ఎక్కువ, పేరు మాత్రం టొపీకాకు వచ్చింది. అది సభలో గట్టిగా చెప్పండి.

సీనియర్ సభ్యులు:
బాబూ, నాకూ రెండు నిమిషాలు కావాలి. అమెరికాలో స్థిరపడటానికి దేశాలవారీగా పెట్టిన పాత కోటా లెక్కల్లో ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మందికే చోటుండేది. 1964లో పౌరహక్కుల చట్టం, మరుసటేడే ఆ కోటాలను ఎత్తేసిన ఇమిగ్రేషన్ చట్టం వచ్చాయి. రెండూ ఒకే గాలిలో వచ్చినవి. గుంటూరు నుంచి నాలాంటి డాక్టర్లు ఇక్కడికి రాగలిగింది ఆ దారినే. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది తెలుగులో చెప్పాలనుంది.

సమన్వయకర్త:
తప్పకుండా అంకుల్. పేర్లు చదివాక మీరే.

భోజనాల టీమ్:
పులిహోర, పప్పు, కూరలు, పెరుగన్నం. చర్చి పెద్దలు వస్తున్నారు కదా, కారం తక్కువగా రెండు ట్రేలు విడిగా చేయిస్తున్నాం. ఏది దేనితో చేశామో కార్డులు రాసేందుకు ఒకరు కావాలి. వేరుశనగ, జీడిపప్పు ఉన్నవి తప్పకుండా రాయాలి.

సమన్వయకర్త:
కార్డులు మా అమ్మాయి రాస్తుంది. అతిథులకు శాలువా కప్పే ముందు మన ఆచారమేంటో వాళ్లకు ముందే ఫోన్లో చెప్పి, సరేనంటేనే కప్పుదాం. స్పాన్సర్ల ప్రసంగాలు ఈసారి భోజనాల తర్వాతే. పెద్దవాళ్లను కూర్చోబెట్టి గంటసేపు మన గురించి మనం మాట్లాడుకోవద్దు.

అదే రోజు పొద్దున టొపీకా వెళ్లొద్దాం. మన్రో బడి ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు, టికెట్ లేదు. గ్రూపుగా వస్తున్నామని వాళ్లకు ముందే ఫోన్ చేయడానికి ఒకరు, కార్లలో సీట్లు సర్దడానికి ఇద్దరు కావాలి. హాల్లో కుర్చీలు, మైకు చూడటానికి నలుగురు. పేర్లు చదివే పిల్లలకు ఉచ్చారణ నేర్పడానికి ఇక్కడే పుట్టి పెరిగిన కాలేజీ పిల్లలెవరైనా వస్తే మేలు. ఏ పని తీసుకుంటారో కింద రాయండి. రిహార్సల్ ఆదివారం నాలుగింటికి, తెలుగు బడి గదిలోనే.