సస్పెన్స్ నవలలో సవరల పూనకానికి చోటుందా? పరిశోధన కథకు ముందా, తరువాతా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మిత్రులకు నమస్కారం. ఆంధ్రలోని నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం దాకా 2004 వరకు నడిచిన నారోగేజి రైలులో జరిగిన ఒక హత్య చుట్టూ సస్పెన్స్ నవల రాస్తున్నాను. కథాకాలం 2003 వానాకాలం. రైలు టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి చేరేసరికి ఒక సవర గిరిజన రైతు కూర్చున్నచోటే చనిపోయి ఉంటాడు.

చిత్తుప్రతి చదివిన ఆప్తుడొకరు, నేర పరిశోధన కథలో చనిపోయినవాడి చేత మాట్లాడించడం పాఠకుణ్ణి మోసగించడమేనని, రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దని హెచ్చరించారు. నేను అంగీకరించలేకపోతున్నాను. సవరల సంప్రదాయంలో పూజారిణికి పూనకం వచ్చినప్పుడు చనిపోయినవారు ఆమె నోట మాట్లాడతారు. బంధువులు చుట్టూ కూర్చొని ఎలా పోయావని అడుగుతారు, వాదిస్తారు, ఏడుస్తారు. ఎలా చనిపోయాడన్నదాన్ని బట్టే ఆ ఆత్మ ఎక్కడికి చేరుతుందన్నది కూడా ఉంటుంది. శవ పంచనామాలో పోలీసు తేల్చవలసినదీ ఎలా చనిపోయాడన్నదే కదా! ఒకే మరణం మీద రెండు విచారణలు సాగుతున్నాయని తెలిసిన రోజున నా నవల రూపం మారిపోయింది. కొంచెం హారర్ కలుపుదామని ముందే అనుకొని కూర్చుంటే నాకు దయ్యం దొరికేదే గాని ఈ విచారణ దొరికేది కాదు. అందుకే పరిశోధన ముందు, ఏ సాహిత్య ప్రక్రియలను కలపాలన్న నిర్ణయం ఆ తరువాత అంటాను. మీరేమంటారు?

రాయగడ వకీలు

మహేంద్రతనయ గారూ, అంతా ముందే తెలుసుకొని రాయాలంటే నవల ఎప్పటికీ మొదలుకాదు. కథ ఏ మేకుకు వేలాడుతోందో ఆ మేకును మాత్రం ముందుగా లాగి చూసుకోవాలి, తక్కినవి రెండో ప్రతిలో సరిచేసుకోవచ్చు. మీ కథ 2003లో జరుగుతోంది కాబట్టి హత్యకు భారత శిక్షాస్మృతి 302వ సెక్షనే వర్తిస్తుంది. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 103వ సెక్షన్ 2024 జులై 1 తరువాతి మాట. ఇలాంటివి ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

రెండు రాష్ట్రాల మధ్య కేసు నలగడం మీ కథకు మేకు అయితే మాత్రం జాగ్రత్త అవసరం. అప్పటి నేర ప్రక్రియా స్మృతి 183వ సెక్షన్ ప్రకారం, ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం ఏ కోర్టు పరిధి గుండా సాగిందో ఆ కోర్టు విచారించవచ్చు. కాబట్టి కోర్టులో మీ పేచీ నిలవదు. అయితే రైల్వే పోలీసులు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వారే గనుక, ఫిర్యాదు మాది కాదంటే మాది కాదని తోసుకునే ఘట్టాన్ని ఠాణాలో నమ్మదగినట్లుగా నడపవచ్చు. మరొక మాట: ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాలలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1956 నాటి నిబంధనను 2002లో మరింత బిగించారు. హత్యకు కారణం వెతుకుతున్నట్లయితే అక్కడ చూడండి.

గుణుపురం పంతులమ్మ

ఆ పూజారిణి హంతకుడి పేరు చెప్పి, అది నిజమని తేలితే పోలీసు కథంతా వృథా అవుతుంది. అబద్ధమని తేలితే సవరల నమ్మకాన్ని పదిమందిలో చులకన చేసినవారవుతారు. ఈ రెండింటిలో మీరు దేనికి సిద్ధపడుతున్నారో చెప్పలేదు.

మీరు వదిలేసిన విషయం ఇంకొకటి ఉంది. 2003 నాటికి ఎన్నో సవర ఊళ్ళలో యువతరం బాప్టిస్టు సంఘాలలో చేరి, చనిపోయినవారితో మాట్లాడడం మానేసింది. తల్లి పూజారిణిని కూర్చోబెట్టమంటుంది, కొడుకు ప్రార్థన చాలంటాడు. అసలు ఉత్కంఠ ఆ ఇంట్లోనే ఉండగా మీరు రైలు పెట్టెలో వెతుకుతున్నారు. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళోనే ఉపాధ్యాయులుగా ఉంటూ ముందు సవరలతో మాట్లాడి భాష నేర్చుకున్నారు, ఆ తరువాతే నిఘంటువు కూర్చారు. మీ నవలలో చనిపోయిన ఆ రైతు ఏ భాషలో మాట్లాడతాడండీ?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అమ్మా, మీ ప్రశ్న రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పటి ప్రతిలో అతడు తెలుగులోనే మాట్లాడుతున్నాడు; అది తప్పే. హంతకుడి పేరు మాత్రం అతడు చెప్పడు. తనను పొలం గట్టు మీద ఒంటరిగా వదిలేశాడని కొడుకును నిష్ఠూరమాడతాడు. ఆ మాట నిజం, కాని అది సాక్ష్యం కాదు. గుమ్మంలో నిలబడి విన్న సబ్ ఇన్‌స్పెక్టర్ దానిని నేరారోపణగా పొరబడి కొడుకును అనుమానిస్తాడు. తప్పటడుగు వేసేది పోలీసే గాని పూజారిణి కాదు.

కొడుకును ప్రార్థనకు వెళ్ళేవాడిగా మార్చి ఆ అధ్యాయం మళ్ళీ రాస్తాను. సవర మాట్లాడే పెద్దలు ఇద్దరి ముందు చదివి, ఆ నిష్ఠూరం వారి మాటల్లో ఎలా పలుకుతుందో విన్న తరువాతే దానిని నవలలో ఉంచుతాను. వకీలు గారూ, ఠాణా ఘట్టం మీకు విడిగా పంపనా?