14 నెలల పాపని క్రెష్‌లో వేయాలి, ఏం చూసి నమ్మాలి?

అడిగింది: చిట్టితల్లి అమ్మ

అందరికీ నమస్తే అండి. వచ్చే నెల నుంచి నేను మళ్ళీ డ్యూటీలో చేరాలి, పాపకి 14 నెలలు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పరిగెత్తే పిల్ల వెనకాల ఆవిడ పడలేరు, మా అమ్మ వాళ్ళేమో దూరం. అందుకని రెండు క్రెష్‌లు చూసొచ్చాం. ఒకటి కొత్త బిల్డింగు, గోడల నిండా బొమ్మలు, ప్రతి రూంలో కెమెరా, ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చట, రెండేళ్ళకే అక్షరాలు వచ్చేస్తాయి అని కూడా చెప్పారు. రెండోది ఒక ఇంటి కింద పోర్షన్, పాత బొమ్మలు, సిలబస్ గిలబస్ ఏం లేదు, ఇద్దరు ఆంటీలు ఏడుగురు పిల్లలు అంతే. మా ఆయన మొదటిదే అంటున్నారు. నాకేమో రెండోదే మనసుకి పట్టింది, ఎందుకు అంటే చెప్పలేకపోతున్నా. అసలు ఏది చూసి తేల్చుకోవాలి? ఇంత చిన్నపిల్లని వదిలేసి వెళ్తున్నానే అని రాత్రుళ్ళు నిద్ర కూడా పట్టట్లేదు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

జవాబు 1: పాత క్రెష్ ఆంటీ

అమ్మా, నేను పదకొండేళ్ళు క్రెష్‌లో చేశాను, అందులో ఎక్కువ కాలం రెండేళ్ళలోపు పిల్లల దగ్గరే. గోడలు చూడకు తల్లీ, పిల్లల ముక్కు ఎలా తుడుస్తున్నారో చూడు. నవ్వులాట కాదు, నిజంగానే చెప్తున్నా. పిల్ల ఆడుకుంటుంటే వెనక నుంచి వచ్చి బట్ట పెట్టి గబుక్కున తుడిచేసి వెళ్ళిపోతే అది ఉలిక్కిపడుతుంది, తల విదిలిస్తుంది. అదే ఎదురుగా కూర్చుని "ముక్కు తుడుద్దామా బంగారం" అని ఒక్క క్షణం ఆగితే చాలు, కొన్నాళ్ళకి పిల్లే మొహం ఎత్తి చూపిస్తుంది. డైపర్ మార్చటం, అన్నం తినిపించటం, నిద్రపుచ్చటం, రోజంతా ఇవేగా. ఇవి చేసేటప్పుడు మాట్లాడుతున్నారా, పిల్ల ఊఁ అంటే తిరిగి ఏదైనా అంటున్నారా, ఆ వయసుకి చదువంటే అదే. అక్షరాలకి బోలెడు టైముంది.

ఇంకొకటి, వెళ్ళినప్పుడు ఓనర్‌ని కాదు ఆయాని అడుగు, ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావమ్మా అని. నేను చేసిన ఒకచోట చంటిపిల్లల రూంలో ఒక్క ఏడాదిలో నలుగురు ఆయాలు మారారు, జీతం తక్కువ, పని ఎక్కువ, ఎవరుంటారు? ఏడాదిన్నర బాబు ఒకడు మూడో ఆయా వెళ్ళిపోయాక ఎవరి దగ్గరకీ రావటం మానేశాడు. ఏడ్చేవాడు కూడా కాదు, తన బ్యాగు పట్టీ గుప్పిట్లో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చునేవాడు. చూసిన అమ్మానాన్నలు "మావాడు బాగా అలవాటు పడ్డాడు" అని సంతోషించేవాళ్ళు, నాకేమో కడుపు తరుక్కుపోయేది.

మొదటి వారం నువ్వు కూడా అక్కడే కూర్చోవచ్చా అని అడుగు. ముందు గంట, తర్వాత రెండు గంటలు, అలా మెల్లగా వదలాలి. ఒప్పుకోకపోతే అక్కడ వేయకు. వెళ్ళేటప్పుడు మాత్రం చెప్పకుండా జారుకోకు, ఏడ్చినా సరే చెప్పి వెళ్ళు. ఈ వయసులో అమ్మ వెళ్తుంటే ఏడవటం మామూలే, చాలామంది పిల్లలకి అది బాగా ఎక్కువగా ఉండే రోజులు కూడా ఇవే.

జవాబు 2: ఇద్దరు పిల్లల నాన్న

ఆంటీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా, కానీ ఇంట్లో నడిపేదనగానే ప్రేమగా చూస్తారు అనుకోవద్దండి. పర్మిషన్ ఉందా, బాత్రూంలో నిండు బకెట్లు ఉన్నాయా, గేటుకి గడియ పిల్లలకి అందుతుందా, ఇద్దరిలో ఒకరికి జ్వరమొస్తే ఆ రోజు ఏడుగురినీ ఎవరు చూస్తారు, ఇవన్నీ మొహమాటపడకుండా అడగండి. అమెరికాలో చిన్నపిల్లల చదువు మీద పనిచేసే ఎన్ఏఈవైసీ అనే సంస్థ 15 నెలలలోపు పిల్లలు నలుగురికి ఒక పెద్దమనిషి ఉండాలంటుంది, గ్రూపులో మొత్తం 8 మంది దాటకూడదంటుంది. ఆ లెక్కన మీ రెండోది బానే ఉంది, మొదటిదాంట్లో ఆ రూంలో ఎంతమందిని పెట్టారో మీరు రాయలేదు.

అక్షరాలు నేర్పేవాళ్ళు తరచూ చెప్పేది "చిన్నప్పుడే చదివిస్తే జీవితమంతా లాభం అని రీసెర్చ్ ఉంది" అని. ఉంది, కాదనను. 1962లో మిషిగన్‌లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ స్టడీ, పేద కుటుంబాల పిల్లలు 123 మందిని 40 ఏళ్ళ వయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు, ప్రీస్కూల్‌కి వెళ్ళినవాళ్ళు సంపాదనలో మెరుగ్గా ఉన్నారు, అరెస్టులు కూడా తక్కువ. కానీ వాళ్ళు మూడు నాలుగేళ్ళ పిల్లలు, ట్రైనింగ్ ఉన్న టీచర్లు, టీచరే వారానికోసారి పిల్ల ఇంటికెళ్ళి తల్లితో గంటన్నర కూర్చునేది. ఆ కష్టం గురించి ఎవరూ చెప్పరు, లాభం ఒక్కటే చెప్తారు. కెనడాలో క్యూబెక్ వాళ్ళు 1997లో చాలా తక్కువ ఫీజుకి అందరికీ చైల్డ్‌కేర్ మొదలుపెట్టారు. తల్లులు చాలామంది ఉద్యోగాలకి వెళ్ళగలిగారు, అది నిజంగా గొప్ప విషయం. కానీ సీట్లు పెరిగినంత వేగంగా క్వాలిటీ పెరగలేదు, తర్వాత ఎకనామిస్టులు లెక్క తీస్తే పిల్లల్లో ఆందోళన, దూకుడు ఎక్కువైనట్టు తేలింది. అంటే సీటు దొరకటం వేరు, సీటులో మంచి మనిషి ఉండటం వేరు. కెమెరా వద్దనట్లేదు, ఉంటే మంచిదే, కానీ కెమెరా పిల్లని ఎత్తుకోదు కదండీ.

జవాబు 3: నైట్ షిఫ్ట్ అమ్మ

అక్కా, మీకు రెండిట్లో ఒకటి ఎంచుకునే వీలుంది, సంతోషం. నాలాంటివాళ్ళకి టైమింగ్సే పెద్ద గోడ. నా డ్యూటీ రాత్రి తొమ్మిదికి దిగుతుంది, క్రెష్‌లు ఆరింటికి మూసేస్తారు, ఆ మూడు గంటల కోసం పక్కింటి అక్కని బతిమాలి బతిమాలి మూడేళ్ళు గడిపాను. పిల్లకి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు వచ్చి తీసుకెళ్ళమని ఫోన్, ఆ రోజు జీతం కట్. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 18వ ఆర్టికల్‌లో రాసుంది, ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల పిల్లలకి శిశు సంరక్షణ సేవలు అందేలా ప్రభుత్వాలు చూడాలని. అది చదివిన రోజు ఏడుపొచ్చింది నాకు, ఇన్నాళ్ళూ ఇది నా చేతకానితనం అనుకున్నా కదా అని. అందుకే చెప్తున్నా, మీ తప్పేం లేదు, గిల్టీగా ఫీలవ్వకండి. చేరేముందు మాత్రం రెండు అడగండి, లేటైతే ఎంతసేపు ఆగుతారు, జ్వరమొస్తే ఏం చేస్తారు. మీ ఆఫీసులో మొదటి నెల గంట ముందు వదులుతారేమో కూడా కనుక్కోండి.

చిట్టితల్లి అమ్మ

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. నిన్న చెప్పకుండా రెండుచోట్లకీ మళ్ళీ వెళ్ళాం, మా ఆయన కూడా వచ్చారు. కొత్త బిల్డింగులో చంటిపిల్లల రూంకి ఒక్క ఆయా, పదకొండుమంది పిల్లలు, లోపలికి రానివ్వలేదు, అద్దంలోంచి చూడమన్నారు. రెండోచోట ఆంటీ నేల మీద కూర్చుని ఒక బాబుకి చెప్పు తొడుగుతున్నారు, వాడు తప్పుకాలు ఇస్తే "అది కాదు నాన్నా, ఆ రెండోది" అని చెయ్యి చాపి అలాగే ఆగారు, వాడు చాలాసేపు ఆలోచించి రెండో కాలు ఇచ్చాడు. మా ఆయన నా మొహం చూశారు, ఏమీ అనలేదు. గేటు గడియ మాత్రం కిందకే ఉంది, పైకి పెట్టించమన్నాం, ఈ వారంలో పెట్టిస్తామన్నారు. బాత్రూంలో బకెట్ బోర్లించే ఉంది. సోమవారం నుంచి రోజుకో గంట, పాపతో పాటు నేనూ కూర్చుంటున్నా.