అప్‌డేట్: మా మైక్రోనేషన్ బిరుదుల గొడవ తేలింది

మా చిన్న మైక్రోనేషన్‌లో (అంటే మాకు మేమే దేశమని ప్రకటించుకున్న, ఏ ప్రభుత్వమూ గుర్తించని బృందంలో) అడిగిన వాళ్లందరికీ డ్యూక్, కౌంట్ అని ఇచ్చేయడంతో బిరుదులకు విలువ లేకుండా పోతోంది, ఏం చేయాలి అని ఇక్కడే అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒకటే: డ్యూక్, కౌంట్ లాంటి కులీన బిరుదుల్ని, సేవకు గౌరవంగా ఇచ్చే నైట్‌హుడ్‌ని విడదీయడం. కొత్త బిరుదులు ఆపేశాం, పాతవి ఎవరివి వాళ్లకే ఉంచాం. సేవ చేసిన వాళ్లకు వేరుగా ఆర్డర్ (శ్రేణులున్న గౌరవ పురస్కారం) పెట్టాం. 1802లో ఫ్రాన్స్‌లో నెపోలియన్ పెట్టిన లెజియన్ ఆఫ్ ఆనర్ అనే ఆర్డర్‌లో ఇప్పుడున్న అయిదు శ్రేణులే మాకూ నమూనా. అందులో నైట్‌కి రిబ్బన్ మీద వెండి పతకం, ఆఫీసర్‌కి అదే రిబ్బన్‌పై చిన్న గుడ్డపువ్వు, కమాండర్‌కి మెడలో. చూడగానే ఎవరు ఏ శ్రేణో తెలిసిపోతుంది, అది నాకు భలే నచ్చింది.

బ్రిటన్‌లోని గార్టర్ అనే నైట్‌హుడ్ ఆర్డర్‌లో రాజకుటుంబం, విదేశీ రాజులు కాకుండా 24 మందికి మించి ఉండరని ఒకరు చెప్పారు కదా, అందుకే పై శ్రేణికి మేమూ పరిమితి పెట్టాం. టెన్షన్ తగ్గింది.

బిరుదు వారసత్వంగా రావాలా అన్న పెద్ద చర్చ మాత్రం మాకు అవసరమే పడలేదు. సీలాండ్ అనే ఇంకో మైక్రోనేషన్‌లా బిరుదులు అమ్మాలన్న ఆలోచనా పక్కన పెట్టాం. బయట ఏ ప్రభుత్వమూ వీటిని గుర్తించదు కాబట్టి అధికారిక పత్రాల్లో రాసుకోవద్దని సభ్యులకు ముందే చెప్పేశాం.